మూతిపీసు

నా పని పళ్ళు కట్టడం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే ఎదురుగా కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. వాటి పక్క సందులో, రెండో అంతస్తులో, ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కింద క్లినిక్‌లో డాక్టరమ్మ నోటి అచ్చు తీసి పైకి పంపుతుంది. నేను దాన్ని చూసి పళ్ళు చేసి కిందికి పంపుతాను. మనుషులతో నాకు పెద్దగా పని పడదు. అచ్చులు బేరమాడవు, ఇంకాస్త తెల్లగా కావాలని సతాయించవు. చక్రపాణికి కోపమెక్కువని మా ఆవిడ అందరికీ చెబుతుంది. కోపం కాదు, నా పనికి ఎవరైనా వంక పెడితే ఓర్చుకోలేను, అంతే.

అంతయ్య గురించి చెప్పే ముందు నా గురించి ఇంత చెప్పడానికి కారణముంది. ఆయన బతుకులో చెడ్డపని చేసినవాణ్ణి నేనే.

ఆయన మొదటిసారి నా గదికి వచ్చింది పోయినేడు ఆషాఢం మొదట్లో. చిగుళ్ళు పాడై పై వరుస ముందుపళ్ళు నాలుగు కదులుతున్నాయి, తీసేయాలి. తీసేముందే అచ్చు తీసుకుని, పళ్ళ రంగు చూడమని డాక్టరమ్మ ఆయన్ని పైకి పంపింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, సన్నగా ఉన్నాడు. మాట్లాడినప్పుడల్లా ఎడమచెయ్యి నోటికి అడ్డం వస్తోంది. చొక్కా జేబులో చేతిరుమాలు మూట ఒకటి బరువుగా వేలాడుతోంది.

"చెయ్యి తీయండి" అన్నాను.

తీశాడు. పైన ఎడమవైపు ముందుపన్ను, పక్కపన్ను మీదికెక్కి, ముందుకు పొడుచుకొచ్చి ఉంది. అలాంటి పన్ను చూస్తే నా చేతులు ఊరుకోవు.

"ఏం పని చేస్తారు?"

"బ్యాండుల ఊదుత సారు, లగ్గాలల్ల. ట్రంపెట్. సారూ, జర మూతిపీసు సూసి చెయ్యుండ్రి." అంటూ జేబులోని మూట సగం బయటికి లాగాడు.

మాది తెనాలి పక్క. వనస్థలిపురంలో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళయినా ఇక్కడి మాట నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం నేనే అల్లుకుంటాను. మా పనిలో పళ్ళ సెట్టును పీసు అంటాం. మూతి చూసి, దానికి తగ్గ పీసు చెయ్యమంటున్నాడని అనుకున్నాను. "మీరేం కంగారుపడకండి అంతయ్యగారూ. మీ మూతికి ఎలాంటి పీసు పెడతానంటే, అద్దంలో మిమ్మల్ని మీరే గుర్తుపట్టరు" అన్నాను. ఇంతలో ఫోను మోగింది. ఆయన మూటను మళ్ళీ జేబులో పెట్టుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగు పళ్ళూ నూలు పట్టి చూసినా తప్పు దొరకనంత తిన్నగా పేర్చాను. పాత నోటి ప్లాస్టర్ అచ్చును, దాని చీటీతో సహా, గోడ మీద అరలో పెట్టేశాను.

సెట్టు పెట్టిన రోజు ఆయన భార్య అండాలమ్మ కూడా వచ్చింది. చిన్న మనిషి, గట్టి గొంతు. భర్త మొహం చూసి ముందు పెద్దగా నవ్వింది, తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పెండ్లినాడు గూడ నోటికి దస్తి అడ్డం పెట్టుకున్నడు సారు. ఫోటోల దస్తే ఉంది, మనిషి లేడు" అంది. దస్తి అంటే చేతిరుమాలు. చెయ్యి దించమని ఆయనకు చెప్పి, అక్కడే, నా గదిలోనే సెల్‌ఫోనుతో ఫోటో తీసింది. అంతయ్య చెయ్యి దించి నవ్వాడు. ఆ పూట నేను ఎంత సంతోషించానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

మూడు వారాలకు మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. పళ్ళు బాగాలేవనడానికే వచ్చాడనుకుని, జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన ఆ మాట అననే లేదు.

"పండ్లు మంచిగున్నయి సారు. అలవాటయ్యేటందుకు ఎన్ని దినాలు పడ్తది? బోనాలకు గూడ పోలే. ఊదితె గాలి పక్కకెళ్ళి పోతుంది, మూతి కుదురుతలేదు. శ్రావణం మొదటి ముహూర్తానికి ఎల్బీ నగర్ల లగ్గముంది. అప్పగింతలు నేనే ఊదాలె. గది ఊదకుంటె మా శేఖర్ పటేల్ ఇంకొకన్ని పెట్టుకుంటడు."

శేఖర్ ఆయన పనిచేసే బ్యాండుకు యజమాని. ఎల్బీ నగర్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ళలో ఆ బ్యాండును మాట్లాడుకునేవాళ్ళు 'ఆ వంకరపన్నాయన వస్తాడా?' అని అడిగి మరీ మాట్లాడుకుంటారట. బరాత్ పాటలు ఎవరైనా ఊదుతారు. పెళ్ళికూతుర్ని కారెక్కించేటప్పుడు ఊదే మెల్లని పాట మాత్రం అంతయ్యదే. దానికి పేరు లేదు, బ్యాండువాళ్ళు 'అప్పగింతలది' అంటారు. అది మొదలైతే పెళ్ళికూతురి తల్లిదండ్రులే కాదు, వంటవాళ్ళు కూడా గరిటెలు పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంటారట. ఇవి అండాలమ్మ తర్వాత చెప్పిన మాటలు. ఆ రోజు ఆయన చెప్పింది ఒక్కటే, ముప్ఫై ఏళ్ళుగా ఆ చోటు తనదని.

"కొత్త పండ్లకు పాత మూతిపీసు ఎట్ల కుదురుతది సారు? కొత్తది కొనాలె" అని జేబులోంచి మూట తీసి నా బల్ల మీద విప్పాడు.

చిన్న ఇత్తడి వస్తువు. ఒకవైపు గిన్నెలా, ఇంకోవైపు సన్నని కాడలా ఉంది. ట్రంపెట్ చివర పెట్టి పెదవులానించి ఊదే మౌత్‌పీసు. బ్యాండువాళ్ళ నోట్లో పడి అది మూతిపీసయింది.

మొదటి రోజు ఆయన సగం బయటికి లాగిన మూట ఇదే. నన్ను చూడమన్నది ఆయన మూతిని కాదు, దీన్ని. చేతిలోకి తీసుకుని చూశాను. గిన్నె అంచు చుట్టూ వెండిపూత మిలమిల్లాడుతోంది, ఒక్కచోట మాత్రం పూత అరిగిపోయి ఇత్తడి బయటపడింది. ఎడమవైపు, సరిగ్గా ఆ వంకరపన్ను ఆనే చోట. ఎప్పుడూ ఒకే పక్కకు తిప్పి బిగించడానికి కాడ మీద మేకుతో గీసిన గుర్తు కూడా ఉంది.

"ట్రంపెట్ బ్యాండుది సారు. ఇది ఒక్కటే నాది" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. కోఠీలో వాయిద్యాల దుకాణానికి వెళ్తున్నానని ఆయనంటే, నాకూ అక్కడ ప్లాస్టర్ కొనే పనుందని వెంట బయల్దేరాను. ప్లాస్టర్ నా దగ్గర నెలకు సరిపడా ఉంది.

మెట్రోలో పక్కపక్కన కూర్చున్నాం. అడక్కుండానే ఆయన చెప్పుకుపోయాడు. నార్కట్‌పల్లి దగ్గర పల్లెటూరు. పదిహేనేళ్ళప్పుడు బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగాడు. అప్పట్లో కొత్తపేటలో ఉన్న పండ్ల మార్కెట్లో మామిడి డబ్బాలు మోశాడు. మార్కెట్‌కెదురుగా యాదగిరి అనే మాస్టర్ బ్యాండు గది ఉండేది. మధ్యాహ్నం పని లేనప్పుడు ఆ గుమ్మం ముందు నిలబడేవాడు, తలలో గడ్డి పోచలు, నోటికి అడ్డంగా చెయ్యి. వంకరపన్ను అని ఊళ్ళో ఎక్కిరించారు, మార్కెట్లోనూ ఎక్కిరించారు.

"ఒకనాడు యాదగిరి మాస్టరు పిలిచి, చెయ్యి తియ్యిర అన్నడు. గదువ పట్టుకొని, అంగట్ల ఎద్దు పండ్లు సూసినట్టు సూసిండు. నవ్వుతడేమో అనుకున్న. నవ్వలే. లోపలికెళ్ళి రేకు డబ్బా తెచ్చిండు. దాన్నిండ మూతిపీసులే."

ట్రంపెట్ ముట్టుకోనివ్వలేదట యాదగిరి. ఒక్కో మూతిపీసునూ ఆ పిల్లవాడి పెదవి మీద పెట్టి, ఊదమని, చెవి దగ్గరగా తెచ్చి విన్నాడట. ఇది గాదు, ఇది గాదు అంటూ మధ్యాహ్నమంతా. తొమ్మిదోదో పదోదో పెట్టినప్పుడు, ఆగు అన్నాడట.

"గీ పన్ను మీద ఎట్ల కూసుందో సూడు అన్నడు సారు. పన్ను దాన్ని పట్టుకుంటది, పెదవి మీద బరువు పడది, పెదవి ఖాలీగ ఉంటది, ఎంతసేపన్న ఊదొచ్చు అన్నడు. గీ పన్ను ట్రంపెట్ కోసమే మొలిచిందిర అన్నడు." అంతయ్య మూటను రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. "నా పన్నును మంచిగుంది అన్న మనిషి ఆయన ఒక్కడే."

మూసారాంబాగ్ స్టేషన్ దాటింది. ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, చాలా మామూలుగా అడిగాడు.

"సారూ, పండ్లు కట్టేటోళ్ళకు వంకర పన్ను చెయ్యనీకె రాదు గద?"

వస్తుంది. తిన్నటి పన్ను ఎలా వస్తుందో వంకర పన్నూ అలాగే వస్తుంది. పైగా ఆయన నోటి అచ్చు నా గోడ మీద అరలోనే ఉంది. దాన్ని చూసి మక్కీకి మక్కీ చేయడం నాకు రెండు రోజుల పని. అది చెబితే, మరి ముందే ఎందుకు చేయలేదని అడుగుతాడు. మీరేం చూపిస్తున్నారో నేను చూడలేదని, మీ మాట నాకు అర్థం కాలేదని, ఫోను మోగిందని చెప్పాలి. ఇరవై ఆరేళ్ళలో నా పీసు తప్పని నేను ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

"రాదండీ" అన్నాను.

"గంతే గద" అని తలూపాడు. ఆయనకు నా మీద ఏ అనుమానమూ లేదు.

కోఠీలో ఆ దుకాణం ఉపేంద్ర అనే ఆయనది. ఒకప్పుడు తనూ బ్యాండులో ఊదినవాడే. పాత మూతిపీసును వెలుతురులో తిప్పి చూసి, దీని మీద అంకె అరిగిపోయింది, ఇలాంటిది ఇప్పుడు దొరకదన్నాడు. అంతయ్య నోరు తెరిపించి చూశాడు.

"పండ్లెప్పుడు కట్టించుకున్నవ్?"

"నెల గాలే."

"మూతిపీసు పేరు సూసి కొనేది గాదు, పండ్లను సూసి కొనేది. కట్టుడు పండ్ల మీద ఒత్తిడి పడొద్దు" అంటూ అద్దాల అరలోంచి నాలుగు తీసి వరసగా పెట్టాడు. ఒకదాని అంచు వెడల్పు, ఇంకోదాని అంచు సన్నం. ఒకదాని గిన్నె లోతు, ఇంకోదానిది లోతు తక్కువ. లోతు గిన్నె అయితే సౌండు నిండుగా, బరువుగా వస్తుందట. లోతు తక్కువైతే పైస్వరాలు పదునుగా పలుకుతాయట. వెడల్పు అంచు పెదవికి మెత్తటి దిండు లాంటిది. సన్నని అంచు పెదవిని కోస్తుంది, కానీ సౌండు మెరుస్తుంది.

"నువ్వు గీ వెడల్పుది తీసుకో. మొదటి ఆర్నెల్లు చిన్న చిన్నగ ఊదు. ఒత్తకు. ఒత్తితె పెదవి లోపలి కండ తెగుతది, తెగితె మల్ల అతకది" అన్నాడు ఉపేంద్ర.

అంతయ్య వెడల్పు అంచుదాన్ని దుకాణంలోని ట్రంపెట్‌కు పెట్టి ఊదాడు. మెత్తగా, మొద్దుగా ఒక స్వరం వచ్చింది. ఆయన మొహం వాడిపోయింది.

"ఇది ఊదితె పెండ్లికూతురు ఏడ్వది. నిద్రపోతది" అన్నాడు.

ముగ్గురం నవ్వాం. తర్వాత సన్నని అంచుదాన్ని పెట్టి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఒత్తి ఊదాడు. రెండంటే రెండు క్షణాలు అప్పగింతల పాట మొదటి మెట్టు వచ్చింది. సంగీతం గురించి నాకేమీ తెలియదు. నా వెన్ను మాత్రం నిటారుగా అయింది. వెంటనే గాలి పక్కకు పోయి బుస్సుమంది. పై పెదవి మీద గుండ్రంగా ఎర్రని గీత పడింది.

ఆయన రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. వెడల్పుదే తీసుకునేవాడేమో. నేను ఉండబట్టలేక సన్నని అంచుదాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, "ఇదే బాగుందండీ. ఇది నా తరఫున" అని డబ్బు నేనే కట్టేశాను. ఆ దుకాణంలో అన్నిటికంటే ఖరీదైనది అదే. ఉపేంద్ర నావైపు అదోలా చూశాడు. అంతయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కొన్నది మూతిపీసు కాదు, మాట్లాడకుండా ఉండే హక్కు. అప్పుడు తెలియలేదని అనను, అప్పుడూ తెలుసు.

ముహూర్తానికి పది రోజులుంది. చప్పుడు చేయకుండా వంకరపళ్ళ సెట్టు చేసి, 'సర్దుబాటు చేశానండీ' అని చెప్పి పెట్టేద్దామనుకున్నాను. అప్పుడు నా తప్పూ దిద్దినట్టవుతుంది, ఎవరికీ తెలియకుండానూ పోతుంది. గదికి రాగానే అరలోంచి అచ్చు దింపి బల్ల మీద పెట్టాను. నాలుగు రోజులు అది అక్కడే ఉంది. ఒకరోజు వేరే పని అర్జంటు అన్నాను, ఒకరోజు కరెంటు లేదన్నాను, ఆదివారం బోనాల ఊరేగింపుల వల్ల రోడ్లు మూసేశారన్నాను. అన్నీ నాకు నేనే చెప్పుకున్నాను, వినేవాళ్ళు ఎవరూ లేరు.

నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"సారూ, మీరిచ్చిన మూతిపీసు పలుకుతుంది! జర గట్టిగ ఒత్తాలె, గంతే. పొద్దుగాల రెండు గంటలు, మాపటీలి రెండు గంటలు సాధన చేస్తున్న. గంత ఖరీదుపెట్టి ఇప్పిచ్చినంక పలికియ్యకుంటె ఎట్ల?"

ఒత్తొద్దని ఉపేంద్ర చెప్పిన మాట నాకు గుర్తుంది. ఫోను చెవి దగ్గరే ఉంది, ఆయన అవతలే ఉన్నాడు.

"అలవాటవుతుంది లెండి" అన్నాను.

అయిదో రోజు పని మొదలుపెట్టాను. మైనం మీద పళ్ళు పేరుస్తుంటే నా చెయ్యి నా మాట వినలేదు. ఎడమపన్నును వంకరగా పెడతాను, కాసేపటికి చూస్తే దాన్ని తిన్నగా నెట్టేసి ఉంటాను. రెండుసార్లు కరిగించి మళ్ళీ పేర్చాను. పాత అచ్చు మీద పాత మూతిపీసు ఎలా కూర్చునేదో ఊహించుకుంటూ ఆ పన్నును వెంట్రుకవాసి ముందుకు లాగాను. తొమ్మిదో రోజు సాయంత్రానికి అయింది. ఎక్కడా ఎచ్చుతగ్గు లేదు, మామిడి డబ్బాలు మోసిన నాటి అంతయ్య పన్ను. ఇరవై ఆరేళ్ళలో నేను చేసిన పీసులన్నిటిలోకి అది గొప్పది.

పదో రోజు పొద్దున్నే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను. వాళ్ళది సరూర్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. అండాలమ్మ తలుపు తీసింది. బయటి గదిలో మేకుకు బ్యాండు యూనిఫారం, ఎర్రకోటు, ఇస్త్రీ చేసి తగిలించి ఉంది. అది అక్కడుందంటే మనిషి లగ్గానికి పోలేదని అర్థం.

అంతయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. పై పెదవి వాచి ముక్కుదాకా వచ్చింది. నిన్న పొద్దున సాధన చేస్తుంటే లోపల పుటుక్కుమందట. నెత్తురు ఆగకపోతే దవాఖానకు పోయారు. అక్కడి డాక్టరు, పెదవిలో కండ తెగింది, తినడానికీ మాట్లాడటానికీ ఇబ్బంది ఉండదు, ఊదడం మాత్రం మరిచిపొమ్మన్నాడట.

"నీ ఊపిరి అయిపోయింది, ముసలోనివైనవ్, ఇడిసెయ్యి అంటున్న సారు. ఇంటడా?" అంది అండాలమ్మ. "అప్పగింతలది ఊదనీకె శేఖర్ పటేల్ వేరేటాయన్ని పిలుచుకున్నడు. పోనియ్యి, ఎన్నేండ్లు ఊదుతడు."

ముసలితనమే కారణమని ఆమె అనుకుంటోంది. ఆయనా అదే అనుకుంటున్నాడు. నేను అక్కడినుంచి లేచి వచ్చేసినా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. డబ్బా జేబులోనే ఉంది. లేవబోయాను కూడా. యూనిఫారం వైపు చూశాను. జేబు దగ్గర గుడ్డ సాగి ఉంది, ఇన్నేళ్ళు ఆ మూతిపీసు వేలాడిన చోటు.

"వస్తుందండీ" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు.

"వంకరపన్ను చెయ్యడానికి వస్తుంది. ఆ రోజు మెట్రోలో అబద్ధం చెప్పాను. మీ పాత నోటి అచ్చు మొదట్నించీ నా దగ్గరే ఉంది. మీరు మూతిపీసు చూసి చెయ్యమన్నారు, నేను చూడలేదు. మీ ఊపిరికి ఏమీ కాలేదు అంతయ్యగారూ. నేను పన్ను మార్చేశాను, మార్చానని చెప్పలేదు."

డబ్బా తెరిచి మంచం మీద పెట్టాను. ఆయన సెట్టును తీసి, వేలితో ఎడమపన్నును తడిమాడు. అది తన పన్నే. తెలిసిపోయింది. వాచిన పెదవితో మెల్లగా, ముద్దముద్దగా ఒక్కటే అన్నాడు.

"ఒస్తదన్నమాట."

అండాలమ్మ ఊరుకోలేదు. ఊరుకుని ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

"ఊళ్ళోళ్ళ నోళ్ళు బాగుచేస్తవ్ గదా! పదొద్దులు నీ నోట్ల నాలిక ఏడ పెట్టుకున్నవ్ సారూ? ఫోన్ల గూడ మాట్లాడితివి! ఒక్క మాట, ఒత్తకు అని ఒక్క మాట ఎందుకనకపోతివి?" అంటూ ఏడ్చింది. "నాకు సక్కటి పండ్లు అక్కెర లేకుండె. నేను దస్తి ఉన్న ఫోటోతోనే ఇన్నేండ్లు బతికిన."

నేను తల వంచుకుని కూర్చున్నాను. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆ పెద్దమనిషి వెంటనే క్షమించేస్తాడని తెలుసు, అందుకే అడగలేదు.

మూడు నెలలకు, కార్తీకంలో, అంతయ్య మళ్ళీ నా మెట్లెక్కాడు. వాపు పోయింది. పెదవి ఒకవైపు కొంచెం కిందికి జారింది. నేను చేసిన వంకరపళ్ళే పెట్టుకుని ఉన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చిగుళ్ళకు ఒకచోట ఒరుసుకుంటోందంటే అక్కడ కాస్త అరగదీసి ఇచ్చాను.

"బ్యాండుకు పోతున్నారా?" అని అడిగాను.

"పోతున్న సారు. తాళాలు కొడుతున్న. ముందట గాదు, ఆఖరి లైన్ల. అప్పగింతలప్పుడు తాళాలు ఉండయి. గప్పుడు పక్కకు నిలబడ్త" అన్నాడు.

అద్దంలో చూసుకుని, నాలుకతో ఎడమపన్నును ఒకసారి తడుముకుని, వెళ్ళొస్తానని లేచాడు. ఆయన మెట్లు దిగాక చూస్తే బల్ల మీద చేతిరుమాలు మూట ఉంది. మరిచిపోయాడనుకుని పరుగెత్తి, సందు చివర, మెట్రో స్తంభం దగ్గర పట్టుకున్నాను. రొప్పుతూ మూట చేతికివ్వబోయాను.

"మరిచిపోయారండీ."

"మరిచిపోలే సారు." రెండు చేతులతో నా గుప్పిట మూసేశాడు. "మీ తానే ఉండనీయుండ్రి. రేపు మా బ్యాండోడు ఎవడన్న పండ్లకు ఒస్తె, దీన్ని సూసి చెయ్యుండ్రి."

ఆ పాత మూతిపీసు నా గోడ మీద అరలో, ఆయన నోటి అచ్చు పక్కన ఉంది. ఇప్పుడు ఎవరొచ్చినా, చేతిలో ఏముందో చూపించమని అడిగి, చూసి, మాట పూర్తిగా వినేదాకా ఫోను ఎత్తను. ఏడాది కావస్తోంది. సందులోంచి పెళ్ళి ఊరేగింపులు చాలా పోయాయి, సగానికి సగం డీజే బండ్లే. బ్యాండువాళ్ళు మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ నా దగ్గరికి పళ్ళకు రాలేదు.